యాకోబు పక్కన చోటు

ఎర్రదిన్నెపల్లి సంఘస్తులు ఆ సంవత్సరం జూన్ నెల దాకా తామెవరో తెలియకుండానే బతికేశారు. పుట్టేవాళ్ళు పుట్టారు, బాప్తిస్మం తీసుకునేవాళ్ళు తీసుకున్నారు, వేరుశనగ వేసేవాళ్ళు వేశారు. కాలం తీరినవాళ్ళు గుడి వెనక సమాధుల తోటలో పడుకున్నారు. నువ్వెవరివని ఎవరూ ఎవరినీ అడగలేదు. జూన్ మూడో వారంలో దక్షిణాఫ్రికా నుంచి ఒక ఉత్తరం వచ్చింది. అంతటితో ఆ నెమ్మది పోయింది.

ఆ ఊరి గుడి కట్టించింది పీటర్ దొర. ఆయన బోయరు. బోయర్లంటే ఎప్పుడో హాలండు నుంచి ఓడల్లో పోయి దక్షిణాఫ్రికాలో పొలాలు చేసుకున్న తెల్ల రైతులు. ఇప్పుడు తమను ఆఫ్రికానర్లని చెప్పుకుంటారు. నూట ఇరవై ఏళ్ళ కింద ఇంగ్లీషువాళ్ళతో యుద్ధం చేసి, పట్టుబడిన కొందరు ఖైదీలుగా మన దేశానికి వచ్చారు. అట్లా బళ్ళారి వైపు వచ్చినవాడు పీటర్ దొర. యుద్ధం ముగిశాక మిగతావాళ్ళు ఇళ్ళకు పోయారు. ఆయన పోలేదు. ఎందుకు పోలేదో ఎవరికీ చెప్పలేదు. ఎర్రదిన్నెపల్లిలో బావి తవ్వించాడు, నల్లరాతి గోడలతో చిన్న గుడి కట్టాడు, నలభై ఏళ్ళు ప్రార్థన చేయించి ఆ గుడి వెనకే కన్ను మూశాడు.

ఉత్తరం రాసింది అక్కడి ఆఫ్రికానర్ల సాంస్కృతిక సమితి. డిసెంబరులో పదకొండుమంది వస్తామన్నారు. "మా పూర్వుల పద్ధతులు మీ దగ్గర ఏమైనా మిగిలి ఉంటే చూడాలని మాకు ఆశ" అని చివర్లో ఒక వాక్యం ఉంది.

ఆ ఉత్తరాన్ని ఆదివారం ఆరాధన అయ్యాక చదివి వినిపించినవాడు సంఘ కార్యదర్శి జ్ఞానరత్నం. డిప్యూటీ తహసీల్దారుగా రిటైరైన మనిషి. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో ఆయన దగ్గరికి బయటినుంచి ఎవరు 'చూడటానికి' వచ్చినా అది తనిఖీయే అయింది. ఊరికే చూసిపోవడానికి కూడా మనుషులు వస్తారన్నది ఆయన అనుభవంలో లేదు.

"తనిఖీ బృందం వస్తోంది," అన్నాడు ఉత్తరం మడుస్తూ. "మన దగ్గర ఉండవలసినవి లేవు. డిసెంబరు లోపల ఉండేటట్టు తగు చర్య తీసుకోవలసి ఉంది."

ఆడవాళ్ళ వైపు చాప మీదనుంచి దీవెనమ్మ తల ఎత్తింది.

"ఏముండల్లప్పా?"

"వారసత్వం, వదినా."

"అది లేకనేనా ఇన్నేండ్లు బతికింది?"

"ఉండింది. నిర్లక్ష్యం వల్ల వాడుకలో లేకుండా పోయింది."

దీవెనమ్మకు అరవై ఆరేళ్ళు. జ్ఞానరత్నం ఆమె మొగుడు యాకోబుకు తమ్ముడు. ఆమె కాపురానికి వచ్చిన ఏడాదే అత్త పోయింది. అప్పుడు రత్నానికి పన్నెండేళ్ళు. ఆమె కెలికిన సంగటి తినే ఆయన హైస్కూలు దాటాడు, ఉద్యోగం తెచ్చుకున్నాడు. యాకోబు తాపీ మేస్త్రీ. నాలుగేళ్ళ కింద పోయాడు. సమాధుల తోటలో అతని పక్కన ఆరడుగుల చోటు చూసుకుని, నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టి, అది తనకని దీవెనమ్మ గుర్తు చేసుకుంది. వారానికోసారి పోయి అక్కడ మొలిచిన ముళ్ళకంప పీకి చీపురుతో ఊడ్చి వస్తుంది. ఎవరైనా అడిగితే, "నా ఇంటికి నేను ఊడ్చుకుంటాండా" అంటుంది.

ఆమెకున్న ఇంకో ఆస్తి ఒక జత భజన చెక్కలు. టేకు చెక్కలు, వాటి మధ్య గుచ్చిన చిన్న ఇత్తడి బిళ్ళలు. వాళ్ళ నాయన చెక్కభజన గురువు. క్రిస్మస్‌కు, కోతల పండుగకు గుడి ముందర ఎనిమిది మంది ఆడవాళ్ళు వలయంగా నిలబడి, చెక్కలు కొడుతూ అడుగులేస్తూ దేవుని పాటలు పాడితే ముందు నిలబడేది దీవెనమ్మే.

*

'పీటర్ దొర వారసత్వ పరిరక్షణ కమిటీ' వారం లోపలే ఏర్పడింది. అధ్యక్షుడు పాస్టరు జయశీలం. ఇంకా ముప్ఫై నిండని, ఎవరినీ నొప్పించడం ఇష్టం లేని మనిషి. కార్యదర్శి జ్ఞానరత్నం. తల ఊపడానికి ఇద్దరు సభ్యులు. బోయర్లు ఎలా ఉండేవారో తెలుసుకోవడానికి జ్ఞానరత్నం అనంతపురం పోయి, లైబ్రరీలో ఎన్నేళ్ళుగానో ఎవరూ ముట్టని లావాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి తెచ్చాడు. అందులో బొమ్మలున్నాయి. బొమ్మకొక సర్కులర్ చొప్పున గుడి తలుపు మీద అతికించడం మొదలైంది.

"ఇందుమూలముగా యావన్మంది సంఘస్తులకు తెలియజేయడమేమనగా, పద్దెనిమిది సంవత్సరాలు నిండిన పురుషులు గడ్డం పెంచవలెను. గడ్డం రానివారు, రాకపోవడానికి కారణం చూపుతూ అర్జీ పెట్టుకొనవలెను."

మొదటి అర్జీ పాస్టరు జయశీలంది. ఆయన గడ్డం మీద లెక్కపెట్టి పదకొండు వెంట్రుకలున్నాయి. అర్జీ నిబంధనల ప్రకారం కమిటీ అధ్యక్షుడికి వెళ్ళింది. అధ్యక్షుడు దాన్ని రెండు రోజులు పరిశీలించి, తనకు తాత్కాలిక మినహాయింపు ఇచ్చుకున్నాడు.

రెండో సర్కులర్ ఆదివారం పొయ్యి వెలిగించరాదంది. శనివారం కెలికిన సంగటి ఆదివారం చల్లగా తినాలి. మూడోది ఆడవాళ్ళకు. బొమ్మలోని బోయరు స్త్రీలు ముఖం చుట్టూ గొట్టంలా ముందుకు పొడుచుకొచ్చిన గుడ్డ టోపీలు పెట్టుకుని ఉన్నారు. టైలరు మస్తాను బడి యూనిఫాంలలో మిగిలిన నీలం గళ్ళ గుడ్డతో అలాంటివి నలభై కుట్టాడు. వాటిని పెట్టుకుంటే ఎదురుగా ఉన్నది తప్ప పక్కన ఏముందో కనిపించదు. మొదటి ఆదివారం చెక్కభజన జట్టులోని సంతోషమ్మ గుడికని బయలుదేరి, ఎదురుగా కనిపించిన దారి పట్టుకుని పోయి రేషన్ షాపు దగ్గర తేలింది.

"గానుగెద్దుకు గంతలు కట్టినట్టుండాది కదక్కా," అంది సంతోషమ్మ ఆ సాయంత్రం దీవెనమ్మతో.

"నువ్వింకా నయం మే. నేను ప్రార్థనంతా పాస్టరయ్య ముందర కూసున్నా అనుకుంటి. లేసి చూస్తే అది బీరువా."

అయినా దీవెనమ్మ టోపీ పెట్టుకుంది. చల్ల సంగటి తినింది. వచ్చేవాళ్ళు దూరం నుంచి వస్తున్నారు, నాలుగు నెలల ముచ్చట, రత్నం సరదా రత్నాన్ని తీర్చుకోనీ అనుకుంది.

అక్టోబరులో బండి వచ్చింది. బోయర్లు ఎద్దుల బండ్లలో దేశమంతా తిరిగారని పుస్తకంలో ఉంది కాబట్టి, సంఘస్తులు గుడికి ఎద్దుల బండిలోనే రావలెనని ఐదో సర్కులర్. ఊళ్ళో తొమ్మిది ట్రాక్టర్లు, పద్నాలుగు ఆటోలు ఉన్నాయిగాని ఎద్దుల బండి లేదు. పక్క ఊరినుంచి ఓబులేసు బండి రప్పించారు. సంఘస్తుల ఇళ్ళన్నీ గుడికి అరవై అడుగుల లోపలే ఉన్నాయి. కాబట్టి బండిని గుడి వాకిట్లో అడ్డంగా నిలబెట్టి, జనం వెనకనుంచి ఎక్కి ముందునుంచి దిగి లోపలికి పోయే ఏర్పాటు చేశారు. తొమ్మిదింటికి మొదలవ్వాల్సిన ఆరాధన పదకొండున్నరకు మొదలైంది. ఎద్దులు మాత్రం ఏ పనీ లేకుండా నిలబడి, అందరికంటే శ్రద్ధగా వాక్యం విన్నాయి.

పుస్తకంలోనూ ఉండి, ఊళ్ళోనూ ముందునుంచీ ఉన్నది ఒక్కటే దొరికింది. బోయర్లు మాంసాన్ని ఉప్పు పట్టించి ఎండబెట్టేవారట. ఎర్రదిన్నెపల్లిలో ప్రతి దండెం మీదా ఉప్పుకండలు వేలాడుతూనే ఉంటాయి. జ్ఞానరత్నం దండెంకేసి వేలు చూపించి, "చూశారా, వారసత్వం!" అన్నాడు.

"ఇది మా జేజి కాలంనుంచి చేస్తాండాం గదప్పా," అంది దీవెనమ్మ.

"దొర మనకు నేర్పినాడు."

"మనోళ్ళే దొరకు నేర్పిండొచ్చు గదా? ఆయప్ప వచ్చినప్పుడు చేతిలో కంచం కూడా లేదంట."

"ఆధారం ఉందా?"

"నీ దగ్గరుందా?"

"పుస్తకంలో బొమ్మ ఉంది," అన్నాడు జ్ఞానరత్నం. దీవెనమ్మ దగ్గర ఉప్పుకండ మాత్రమే ఉంది, బొమ్మ లేదు.

నెమ్మదిగా ఊరికి రుచి పట్టింది. దావీదు తన అంగడికి 'బోయర్ చికెన్ సెంటర్' అని బోర్డు రాయించాడు. గడ్డాలు పెరిగిన మగవాళ్ళు నడిచేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకోవడం మొదలుపెట్టారు. మనం అందరి లాంటివాళ్ళం కాదని ఒకరికొకరు చెప్పుకుంటుంటే, ఎవరికీ నష్టం లేని మాటే గదా అనిపించింది.

ఆరో సర్కులర్‌తో నష్టం వచ్చింది. "నాట్యము, తాళము, గంతులు వారసత్వమునకు విరుద్ధము. కావున చెక్కభజన తక్షణమే నిలిపివేయడమైనది. చెక్కలు కలిగినవారు వాటిని కమిటీ బీరువాలో అప్పగించి రసీదు పొందవలెను."

ఏడుగురు అప్పగించి రసీదులు తెచ్చుకున్నారు. దీవెనమ్మ అప్పగించలేదు.

*

విచారణ గుడి పక్క గదిలో జరిగింది. పాస్టరు కుర్చీలో, సభ్యులిద్దరూ బెంచీ మీద, జ్ఞానరత్నం ఫైలు వెనక.

"దీవెనమ్మ గారూ," అని మొదలుపెట్టాడు ఆయన.

దీవెనమ్మ ఎవరొచ్చారా అని వెనక్కి తిరిగి చూసింది. "గారేందప్పా? వదినా అనేకి నోరు రాలేదా?"

"ఇది విచారణ. విచారణలో వరసలుండవు. చెక్కలు అప్పగించవలసిందిగా మీకు రెండు తాఖీదులు ఇచ్చాం. అందాయా?"

"అందినాయి. ఒకటి పాలగిన్నె మీదికి మూతకు సరిపోయింది."

పాస్టరు తల వంచుకున్నాడు. నవ్వో, ప్రార్థనో తెలియలేదు.

"బోయర్లు నాట్యం చేయరు. నూట పన్నెండో పేజీ."

"నేను బోయరు కాదు గదప్పా."

సభ్యులు తల ఏ వైపు ఊపాలో తెలియక బిగుసుకుపోయారు.

"ఈ మాట మినిట్సులో రాయమంటారా?"

"రాసుకో. మా నాయన ఆబ్రాము. గొర్రెలు మేపినాడు, చెక్కలు కొట్టినాడు. నేను దీవెనమ్మ. యాకోబు పెండ్లాం. ఇంగ బోయరు ఎప్పుడైతి?"

"అమ్మా," అన్నాడు పాస్టరు మెల్లగా. "రెండు చెక్క ముక్కలే గదా. డిసెంబరు దాటాక ఇచ్చేస్తారు."

దీవెనమ్మ ఆయన వైపు తిరిగింది. ఆ అబ్బాయి మీద ఆమెకు కోపం లేదు. "నాకు చదువు లేదు గద పాస్టరయ్యా. నలభై పాటలుండాయి నా దగ్గర. అవి నోట్లో లేవు, కాళ్ళల్లో ఉండాయి. చెక్కలు చేతిలో లేకుంటే నాకు రెండో చరణం రాదు."

జ్ఞానరత్నం ఇదంతా రాసుకుని, 'సమాధానం సంతృప్తికరంగా లేదు' అని కింద గీత కొట్టాడు. తీర్మానం చదివాడు. దీవెనమ్మకు ప్రభువు బల్ల, అనగా ఆరాధనలో ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం, ఆపడమైనది. సంఘ రిజిస్టరు నుంచి పేరు తొలగించడమైనది.

"సరే," అంది దీవెనమ్మ లేస్తూ. "బల్ల సంగతి దేవునికీ నాకూ మధ్య. ఆయన ఏమన్నా అంటే నేను చెప్పుకుంటాలే."

"ఇంకొకటి ఉంది. రిజిస్టరులో పేరు లేనివారికి సమాధుల తోట వర్తించదు."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక మళ్ళీ కూర్చుంది.

"ఆయప్పకు చెప్పినా రత్నం," అంది. "పక్కకే వస్తానని చెప్పినా."

జ్ఞానరత్నం ఫైలులోంచి తల ఎత్తలేదు. "ఆ స్థలాన్ని ఖాళీగా నమోదు చేస్తాం," అన్నాడు. ఆ మాట చాలా మెల్లగా అన్నాడు.

మర్నాటికి నాలుగు రాళ్ళూ తీసేసి అక్కడ రేకు బోర్డు పాతారు: 'వారసత్వ స్థలం. అన్యులు ప్రవేశించరాదు.'

మూడు రోజులు దీవెనమ్మ సరిగ్గా అన్నం తినలేదు. నాలుగో రోజు చెక్కలు కొంగులో చుట్టుకుని గుడి వైపు బయలుదేరింది. చచ్చాక పక్కన ఉండటం ముఖ్యమా, బతికుండగా పాడటం ముఖ్యమా అని లెక్క చూసుకుంటే, పాడేది ఇంకో పదేళ్ళు ఉంటుందేమో, పడుకునేది చాలా కాలం అనిపించింది. గుడి వాకిట్లో ఆగి, చెక్కలు కొంగులోనే ఉంచి, గొర్రెల కాపరుల పాట ఒకసారి పాడి చూసుకుంది. మొదటి చరణం వచ్చింది. దూత మాట విని కాపరులు పరిగెత్తే చోట పాట ఆగిపోయింది. ఎంత వెతికినా అడుగు దొరకలేదు. ఆమె వెనక్కి తిరిగి ఇంటికి పోయి, చెక్కలు మేకుకు తగిలించి, అన్నం పెట్టుకుని తినింది.

*

డిసెంబరు రెండో ఆదివారం పొద్దున పదింటికి దక్షిణాఫ్రికా వాళ్ళ బస్సు ఊరి పొలిమేరకు వచ్చి ఆగింది. జ్ఞానరత్నం దండ పట్టుకుని ఎదురుపోయి, ఆదివారం మోటారు వాహనాలకు ప్రవేశం లేదని చెప్పాడు. పదకొండుమందినీ ఓబులేసు బండిలోకి ఎక్కించారు. ఎద్దులకు ఇన్నాళ్ళకు పని దొరికింది.

వాళ్ళను చూసి జనం కొంచెం నిరాశపడ్డారు. మగవాళ్ళలో ఒక్కరికీ గడ్డం లేదు. ఒక కుర్రవాడికి చెవిపోగు ఉంది. ఒక పిల్ల మోచేతి దాకా పచ్చబొట్టు పొడిపించుకుంది. పొట్టిగా జుట్టు కత్తిరించుకుని ప్యాంటు వేసుకున్న నలభై ఏళ్ళ ఆవిడ పేరు అన్నెకె. ఆవిడే వాళ్ళ పాస్టరని అనంతపురం కాలేజీ నుంచి దుబాసీగా వచ్చిన లెక్చరర్ వసుంధర చెప్పింది. జ్ఞానరత్నం ఆ మాటను రెండుసార్లు చెప్పించుకుని, పుస్తకంలో వెతికి, లేదన్నట్టు తల ఆడించాడు. అందరిలోకీ పెద్దాయన యోహాన్. ఎనభై దాటినవాడు, చేతికర్ర మీద నడుస్తాడు.

గుడి వాకిట్లో నలభై మంది ఆడవాళ్ళు నీలం గళ్ళ టోపీల్లో బారుగా నిలబడి ఉన్నారు. యోహాన్ వాళ్ళను చూడగానే బండి దిగి, తన టోపీ తీసి గుండెకు ఆనించుకుని ఏడ్చాడు.

"వాళ్ళమ్మ గుర్తొచ్చిందట," అంది వసుంధర.

అన్నెకె కూడా చూసింది. ఏడవలేదు. గట్టిగా ఏదో అంది.

"ఆవిడ వాళ్ళ అమ్మమ్మ ఈ టోపీ తీసి పొయ్యిలో వేసిన రోజు ఇంట్లో కేకు చేసుకున్నారట."

దాంతో పదకొండుమందీ సగం ఇంగ్లీషులో, సగం తమ భాషలో వాదించుకోవడం మొదలుపెట్టారు. పెద్దాయన ఇదే మన రక్తం అంటాడు. అన్నెకె, ఈ టోపీ కింద నన్ను కూర్చోబెట్టి ఉంటే నేను ప్రసంగ పీఠం ఎక్కేదాన్నా అంటుంది. చెవిపోగు కుర్రవాడు, మన రక్తం గురించి మాట్లాడినప్పుడల్లా ఎవరో ఒకరిని గేటు బయట నిలబెట్టాం తాతా అంటాడు. వసుంధర కొంతసేపు తెలుగు చేసి అలసిపోయి, "ఇంకా అదే మాట్లాడుకుంటున్నారు," అని ముగించింది.

"వీళ్ళకూ కమిటీ ఉన్నట్టుండాది," అంది సంతోషమ్మ టోపీ లోపల్నుంచి.

జ్ఞానరత్నం డైరీలో 'తనిఖీ బృందంలో భిన్నాభిప్రాయాలు' అని రాసుకున్నాడు.

పాస్టరు జయశీలం పూర్వపు పద్ధతి ప్రకారం రెండు గంటలు ప్రసంగించాడు. తర్వాత చల్ల సంగటి, ఉప్పుకండలు పెట్టారు. ఆ తర్వాత సాయంత్రం దాకా అందరూ మౌనంగా కూర్చోవాలి. యోహాన్ మొదటి గంట చాలా సంతోషంగా కూర్చున్నాడు. రెండో గంటలో కదిలాడు. మూడో గంట మొదట్లో వసుంధరను పిలిచి చెవిలో ఏదో చెప్పాడు.

"కాఫీ కావాలట."

జ్ఞానరత్నం నివ్వెరపోయాడు. "ఆదివారం పొయ్యి వెలిగించరాదు. రెండో సర్కులర్. వారి వారసత్వమే!"

వసుంధర అడిగి వచ్చింది. "వాళ్ళమ్మ కాఫీ లేకుండా ఏ ఆదివారమూ గడవనివ్వలేదట. పుస్తకం రాసినాయన వాళ్ళింటికి ఎప్పుడూ రాలేదంటున్నారు."

ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో ఇలాంటి చిక్కు రాలేదు. ఒక వైపు నిబంధన, ఇంకో వైపు తనిఖీ అధికారి దాహం. జ్ఞానరత్నం కళ్ళు మూసుకుని ఆలోచించాడు. కళ్ళు తెరిచేసరికి ముఖంలో వెలుగొచ్చింది. లేచి, గుడి గోడ పక్కనే ఉన్న దీవెనమ్మ ఇంటికి పోయాడు.

ఆమె వాకిట్లో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది.

"వదినా."

"విచారణ అయిపోయిందా? వరస తిరిగొచ్చింది."

"ఒక విషయం. మీరు ప్రస్తుతం సంఘ పరిధిలో లేరు. పరిధిలో లేనివారు ఆదివారం పొయ్యి వెలిగించడానికి నిబంధనల్లో ఎక్కడా అభ్యంతరం లేదు. కావున తమరు పన్నెండు కాఫీలు..."

"పదకొండు మంది గదా వచ్చింది?"

జ్ఞానరత్నం గొంతు తగ్గించాడు. "నాకొకటి వదినా. పొద్దున్నుంచీ తల పగిలిపోతాంది."

నిబంధన కాగితం మీద ఎక్కడా లేని ఒక సంగతి దీవెనమ్మకు అప్పుడు తెలిసింది. ఊరంతట్లో ఆ రోజు ఏమైనా చేయగలిగినది తానొక్కతే. తీసుకోవడానికి ఇంకేమీ మిగల్చలేదు గనక, ఆపడానికి కూడా ఏమీ లేదు. ఆమె లేచి పొయ్యి వెలిగించింది.

కాఫీ తాగడానికి పదకొండుమంది ఆమె వాకిట్లోకి వచ్చారు. వాళ్ళ ముఖాలు చూసి, ఆకలని అర్థమై, బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసింది. తాలింపు వాసన గోడ దాటి గుడిలోకి పోయింది. మౌనంగా ఉన్న సంఘస్తుల్లో కదలిక పుట్టింది. పాస్టరు గోడ దగ్గరికి వచ్చి, "బయట వండింది తింటే ఉల్లంఘన అవుతుందా?" అని అడిగాడు.

జ్ఞానరత్నం రెండో గ్లాసు దించి చెప్పాడు. "నిషేధం వెలిగించడం మీద. తినడం మీద లేదు."

పావుగంటలో గుడి ఖాళీ అయింది.

పచ్చబొట్టు పిల్ల మేకుకు తగిలించిన చెక్కలు చూసి అవేమిటని అడిగింది. "పాటలు మర్చిపోకుండా పెట్టుకునేవి," అని చెప్పించింది దీవెనమ్మ. చూపించమంది ఆ పిల్ల. దీవెనమ్మ చెక్కలు తీసుకుని వాకిలి మధ్యన నిలబడి, గొర్రెల కాపరుల పాట ఎత్తుకుంది. దూత మాట చెప్పే చోటికి వచ్చేసరికి కాలు దానంతటదే లేచింది, చెక్క మోగింది, కాపరులు పరిగెత్తారు. సంతోషమ్మ టోపీ పీకి గోడ మీద పెట్టి, "బీరువా తాళం యాడ?" అని అరిచింది. కమిటీ సభ్యులిద్దరూ ఒకేసారి తల ఊపి, పోయి తాళం తీసుకొచ్చారు. ఎనిమిది మంది వలయం కట్టారు. అన్నెకె తొమ్మిదోది అయింది. చెవిపోగు కుర్రవాడు అడుగు తప్పి బిందె మీద పడ్డాడు.

యోహాన్ మాత్రం కర్ర మీద ఆనుకుని కూర్చున్నాడు. దీవెనమ్మ ఆగి, ఆయన్ను రమ్మని చెయ్యి చాపింది. ఆయన ఏదో చెప్పాడు.

"పాతికేళ్ళ వయసులో నాట్యం చేసినందుకు వాళ్ళ గుడిలో ఆయనకు బల్ల ఆపారట," అంది వసుంధర.

దీవెనమ్మ ఆయన ఎదురుగా చతికిలబడింది. "ఎవురితో ఆడినాడంట?"

"భార్యతోనే. సొంత పెళ్ళిలో."

"మళ్ళా ఎప్పుడిచ్చిరంట?"

"ఆరు నెలలకట. ఈలోగా ఇంకో రెండుసార్లు ఆడాడట."

దీవెనమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "నాది ఎనిమిదో వారం జరగతాందని చెప్పమ్మా." పెద్దాయన అది విని, జ్ఞానరత్నం వైపు ఒకసారి చూసి, కర్ర పక్కన పెట్టి, ఆమె చెయ్యి పట్టుకుని లేచాడు. ఆయన అడుగులు పాటకు కుదరలేదు. ఏదో వేరే పాటకు వేసినట్టు, అరవై ఏళ్ళ కిందటి జతకోసం పక్కన కొంచెం చోటు వదిలి వేశాడు.

*

జనవరిలో మళ్ళీ ఉత్తరం వచ్చింది. ఆతిథ్యానికి కృతజ్ఞతలు, ప్రత్యేకించి దీవెనమ్మగారి వాకిలికి. చెక్కభజనను తమ సమితి పత్రికలో బొమ్మలతో వేశామనీ, వచ్చే డిసెంబరులో నలభై మంది దాన్ని చూడటానికి వస్తామనీ రాశారు.

జ్ఞానరత్నం దాన్ని ఆదివారం చదివి, ఉత్తరం మడిచాడు. మర్నాడు పదకొండో సర్కులర్ గుడి తలుపెక్కింది.

"ఒకటి నుంచి పది వరకు సర్కులర్లు రద్దు చేయడమైనది. చెక్కభజన మన అసలైన వారసత్వమని నిర్ధారణ అయినందున, పన్నెండు సంవత్సరాలు నిండిన ప్రతి సంఘస్తుడూ దానిని నేర్చుకొని, ప్రధాన శిక్షకురాలు శ్రీమతి దీవెనమ్మ గారి నుండి అర్హతా పత్రం పొందవలెను. పత్రం లేనివారికి సమాధుల తోట వర్తించదు. శ్రీమతి దీవెనమ్మ గారి తొలగింపు ఉత్తర్వును తొలగించడమైనది."

టోపీలను మస్తాను విప్పి కూరగాయల సంచులు కుట్టాడు. దావీదు బోర్డు మీద 'బోయర్' చెరిపి 'చెక్కభజన చికెన్ సెంటర్' అని రాయించాడు. మగవాళ్ళు గడ్డాలు గీయించుకుని, చేతులు ముందుకు తెచ్చుకున్నారు.

దీవెనమ్మ ముందు సమాధుల తోటకు పోయింది. రేకు బోర్డు పీకించి, నాలుగు రాళ్ళూ తెప్పించి పెట్టించింది. తర్వాత తానే అడుగులేసి కొలిచింది.

"అయిదున్నరే ఉండాది. అరడుగు కమిటీ తినేసింది."

పాస్టరు జయశీలం వంగి రాయిని అరడుగు జరిపాడు.

పరీక్ష గుడి వాకిట్లో పెట్టారు. అర్హుడు, అనర్హుడు అని రెండు గళ్ళున్న రిజిస్టరును జ్ఞానరత్నమే గీసి ఆమె చేతికిచ్చాడు. సంఘస్తులు ఒక్కొక్కరే వచ్చి అడుగులేశారు. కొందరికి వచ్చింది, చాలామందికి రాలేదు. ఎవరు ఎలా వేసినా దీవెనమ్మ అర్హుడు గడిలోనే టిక్కు పెట్టింది. పాస్టరు వలయంలో ఎదురు తిరిగి సంతోషమ్మను గుద్దుకున్నా టిక్కు పడింది. "అక్కా, నువ్వు పేపర్లు దిద్దే టీచరమ్మవైతే ఊరంతా ఐ.ఏ.యస్.లే," అంది సంతోషమ్మ నుదురు రుద్దుకుంటూ.

చివర జ్ఞానరత్నం వచ్చాడు. అరవై రెండేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. ప్యాంటు మడిచి, చెక్కలు ఫైలు పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడ్డాడు. కుడికాలు లేవాల్సిన చోట ఎడమకాలు లేచింది, ఎడమకాలు లేవాల్సిన చోట ఏదీ లేవలేదు. చెక్క వేలి మీద పడింది. చూసేవాళ్ళు నవ్వారు. ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ తప్పాడు. మూడోసారికి ఆగిపోయి, చెమట తుడుచుకోకుండా, రిజిస్టరు కేసి చూస్తూ నిలబడ్డాడు. నిబంధన తాను రాసిందే. దాన్ని సడలించే వీలు లేదని ఆయనకు అందరికంటే బాగా తెలుసు.

దీవెనమ్మకు ఆ ముఖంలో తల్లి పోయిన పన్నెండేళ్ళ రత్నం కనిపించాడు. అప్పుడు కూడా ఇట్లాగే, ఏడవడానికి ఎవరి అనుమతి కావాలో తెలియనట్టు నిలబడ్డాడు.

"నీ చోటు యాడ చూసుకున్నావప్పా?" అంది.

"అన్న పక్కనే," అన్నాడు జ్ఞానరత్నం. "అవతలి వైపు."

మధ్యలో యాకోబు, ఇటు తాను, అటు రత్నం. దీవెనమ్మ కాసేపు ఆ వరస ఆలోచించింది. తర్వాత పెన్ను పట్టుకుని, అర్హుడు గడిలో టిక్కు పెట్టింది.

"ఒక షరతు ఉండాది."

జ్ఞానరత్నం జేబులోంచి కాగితం తీశాడు. "చెప్పండి, నమోదు చేసుకుంటాను."

"నమోదొద్దు. మీ అన్నకు రొద పడదు. ఆడికి వచ్చినంక సర్కులర్లు చదవాకు."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నోటిమాటగా చెప్పొచ్చా, వదినా?" అని అడిగాడు.